మనిషికో రూపాయి

మా గల్లీ మొదట్లో ఉన్న జిరాక్స్ షాపులో ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంటుంది. అట్ట మీద ఏమీ రాసి ఉండదు. మూడేళ్ళ క్రితం ఆధార్ కార్డు కాపీలు తీయించుకోవటానికి వెళ్తే షాపన్న దాన్ని నా ముందుకు తోశాడు.

"జర ఇందుల రాయి తమ్మీ."

"ఏం రాయాలన్నా?"

"మొన్నటి వానకు మీ బిల్డింగ్‌ల నీళ్ళు యాడి దాంక వచ్చినయో, ఎవరికేం ఖరాబైందో రాసి, కింద పేరు, ఫ్లాట్ నంబరు పెట్టు."

నేనుండేది మూడో అంతస్తులో. మా సెల్లారులోకి నీళ్ళొచ్చిన సంగతి నాకు పొద్దున్నే లిఫ్ట్ పనిచెయ్యకపోతే తెలిసింది. మెట్లు దిగి, ప్యాంటు మడిచి, మెట్రోకి వెళ్ళిపోయాను. నాకేం ఖరాబు కాలేదు. పైగా ఇల్లు ఇచ్చేటప్పుడే ఓనరంకుల్ "గల్లీ గొడవల్లో తలదూర్చొద్దు బాబూ, మనకెందుకు" అని చెప్పి ఉన్నాడు. రెండు నెలల అడ్వాన్సు ఆయన దగ్గరుంది.

"నేను అద్దెకుంటున్నానన్నా. వచ్చే ఏడాది ఉంటానో లేదో," అన్నాను.

ఆయన మిషన్ మూత వేస్తూ, నావైపు చూడకుండానే, "ఈ గల్లీల అందరు గదే అంటరు. పదిహేనేండ్ల సంది ఇంటున్న," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. రెండు కాపీలకి నాలుగు రూపాయలు తీసుకుని ఆధార్ కార్డు తిరిగిచ్చాడు.

*

అమీర్‌పేటకి ఉండటానికి వచ్చినవాళ్ళు తక్కువ. నేనూ 2010లో బీటెక్ పట్టా, ఒక బ్యాగు పట్టుకుని ఎక్కడికో వెళ్ళటానికే ఇక్కడికొచ్చాను. ఎస్.ఆర్. నగర్‌లో గదికి ఆరుగురం. పొద్దున ఆదిత్య ఎన్‌క్లేవ్‌లో జావా క్లాసు, సాయంత్రం మైత్రీవనం ముందు ఫుట్‌పాత్ మీద చేతిలో పెట్టే కరపత్రాలు, రాత్రి మెస్సులో పప్పుచారు. ఎవరి ఉద్యోగం వాళ్ళకి రాగానే గదిలో ఒక మంచం ఖాళీ అయ్యేది, మర్నాటికి నిండేది. ఆ మంచం మీద అంతకుముందు ఎవరు పడుకున్నారో అడిగే అలవాటు మాకెవరికీ ఉండేది కాదు.

ఈ పేటకి ఆ స్వభావం ఎంత ఉందో 2020 మార్చిలో అందరూ టీవీలో చూశారు. లాక్‌డౌన్ మొదలవగానే హాస్టళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. ఎస్.ఆర్. నగర్, పంజాగుట్ట పోలీస్ స్టేషన్ల ముందు ఊరెళ్ళటానికి పాసుల కోసం వందలమంది బారులు తీరారు. పాసు దొరికినవాళ్ళు బయల్దేరి వెళ్తే ఆంధ్రా సరిహద్దులో ఆపేశారు. ఇక్కడ ఇన్నేళ్ళుగా ఇంతమంది ఉంటున్నారని ఆ రోజు దాకా ఈ ఊరికే గుర్తులేనట్టుంది.

నేను బెంగుళూరులో కొన్నేళ్ళు చేసి, మళ్ళీ ఇక్కడికే వచ్చాను. కారణం చాలా చిన్నది. అమీర్‌పేటలో మెట్రో రెండు లైన్లూ కలుస్తాయి. రాయదుర్గం ఆఫీసుకి ఒక రైలు చాలు.

కానీ ఈ పేటలో కలిసేవి మెట్రో లైన్లే కాదు. యూసఫ్‌గూడ, కృష్ణానగర్, మధురానగర్ వైపు నుంచి పల్లానికి దిగే వాన నీళ్ళన్నీ మైత్రీవనం చుట్టుపక్కలకే వస్తాయి. గంట సేపు గట్టి వాన పడితే చాలు, ఆ రాత్రి న్యూస్‌లో మైత్రీవనం కనిపిస్తుంది. మా గల్లీ న్యూస్‌లో కనిపించేంత పెద్దది కాదు. పదకొండు బిల్డింగులు, వాటిలో నాలుగు హాస్టళ్ళు, ఒక మెస్సు, ఒక టిఫిన్ సెంటర్, జిరాక్స్ షాపు, ఒక కిరాణా కొట్టు. నీళ్ళు కింది అంతస్తులకొస్తాయి. కింది అంతస్తుల్లో వాచ్‌మన్ కుటుంబాలు, తక్కువ అద్దె గదుల్లో హాస్టల్ అమ్మాయిలు, చిన్న షాపులవాళ్ళు ఉంటారు. పై అంతస్తుల్లో నాలాంటివాళ్ళుంటారు. మా అపార్ట్‌మెంట్‌కి ఒక వాట్సాప్ గ్రూపు ఉంది, అందులో ఓనర్లు మాత్రమే ఉంటారు. వాళ్ళలో సగంమంది కూకట్‌పల్లిలోనో, అమెరికాలోనో ఉంటారు. అంటే మా సెల్లారులో నీళ్ళ గురించి మాట్లాడుకునే చోట నీళ్ళలో నిలబడ్డవాళ్ళు ఒక్కరూ లేరు.

*

ఇక్కడ మా అమ్మమ్మ సంగతి చెప్పాలి. ఆమెది నెల్లూరు జిల్లాలో, కలిగిరి దగ్గర ఒక మెట్ట ఊరు. దూబగుంట అక్కడికి దూరం కాదు. అందుకే సారా వ్యతిరేక ఉద్యమం నాకు పుస్తకాల్లో కంటే ముందు ఇంట్లో తెలుసు.

పుస్తకాల్లో ఉన్న కథ చాలామందికి తెలిసిందే. అప్పటికి ప్రభుత్వమే సారాని ప్యాకెట్లలో ఊరూరా అమ్మిస్తోంది. ఆ పథకానికి వారుణి వాహిని అని చక్కటి పేరు కూడా పెట్టారు. కూలి డబ్బులు ఇంటికి చేరేలోపే దారిలో ప్యాకెట్లయ్యేవి. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరజ్యోతి పేరుతో వయోజన విద్య మొదలైంది. రాత్రిబడుల్లో చదువుకునే వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది, సారా వల్ల కూలిపోయిన ఇంటి కథ. దూబగుంటలో ఆ పాఠం చదువుకున్న ఆడవాళ్ళు ఊళ్ళో సారా కొట్టు మూయించారు. వాళ్ళలో ముందు నిలబడ్డ వర్ధినేని రోశమ్మ తర్వాత దూబగుంట రోశమ్మగా రాష్ట్రమంతా తెలిసింది. ఆ మూయించిన కథే తర్వాతి వాచకంలో 'ఆడవాళ్ళు ఏకమైతే' అన్న పాఠమైంది. దాన్ని చదివిన వేరే ఊళ్ళ ఆడవాళ్ళు తమ ఊళ్ళ కొట్ల మీదికి వెళ్ళారు. 1992లో జిల్లా అంతా అంటుకుంది. సారా పాటలు ఆపటానికి చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని నెల్లూరు దాకా వెళ్ళారు. వేలం మళ్ళీ మళ్ళీ వాయిదా పడింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధమైంది. 1995 జనవరి 16న సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో అది పోయింది. మైత్రీవనం నుంచి మా గల్లీకి నడిచే దారిలో ఇప్పుడు రెండు వైన్ షాపులున్నాయి.

సాహిత్యం చదివేవాణ్ణి కాబట్టి ఈ కథలో నాకు మొదట్నుంచీ నచ్చింది 'పాఠం' అన్న భాగం. ఒక పాఠం చదివి మనుషులు లేచి నిలబడ్డారు. ఆ లేచి నిలబడటం మళ్ళీ పాఠమై ఇంకొకళ్ళని లేపింది. ఇంతకంటే మంచి విమర్శ, ఇంతకంటే మంచి పాఠకులు ఏ రచనకైనా దొరికారా అని ఒకసారి లామకాన్‌లో ఒక పుస్తకం గురించి మాట్లాడుతూ ఉత్సాహంగా అన్నాను కూడా. నలుగురు చప్పట్లు కొట్టారు. బయటికొచ్చి టీ తాగి ఇంటికొచ్చాను.

ఆ తర్వాత సూసీ తారు, తేజస్వినీ నిరంజన కలిసి రాసిన ఇంగ్లిష్ వ్యాసం ఒకటి చదివాను. 1996లో సబాల్టర్న్ స్టడీస్ తొమ్మిదో సంపుటంలో వచ్చింది. సారా ఉద్యమాన్ని చూసిన ప్రతివాళ్ళూ ఆ ఆడవాళ్ళని తమకు కావలసిన బొమ్మలో ఇరికించుకున్నారన్నది అందులో ఒక వాదన. కొందరికి వాళ్ళు సంసారాన్ని కాపాడుకునే ఇల్లాళ్ళు, కొందరికి చీపురు పట్టిన అపర దుర్గలు. నా బొమ్మ ఏమిటో కూడా అప్పుడు అర్థమైంది. వాళ్ళు నాకు మంచి పాఠకులు.

అయితే ఆ వ్యాసంలో నన్ను ఆపింది వాదన కాదు, వాచకంలోని పాఠం గురించి చెప్పిన చోట ఉన్న ఒక చిన్న సంగతి. వందమంది దాకా ఆడవాళ్ళు ఊరి బయట కల్లుబండికి అడ్డం నిలబడ్డారు. కల్లు పారబొయ్యమన్నారు. పారబోస్తే నాకేం మిగుల్తుందని బండివాడు అడిగాడు. దానికి వాళ్ళిచ్చిన జవాబు ఏమిటంటే, తలా ఒక రూపాయి వేసుకుని నీకిస్తాం అని. బండివాడు భయపడి పారిపోయాడు, ఆ రూపాయిలు ఇవ్వాల్సిన అవసరం రాలేదు. తర్వాత వచ్చిన సారా జీపునీ ఆపేశారు. అందరికీ ఆ జీపు గుర్తుంది. నేనూ ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా రూపాయి సంగతి ఎప్పుడూ చెప్పలేదు. ఎందుకంటే నాకు తెలియదు, తెలిసినా బహుశా చెప్పేవాణ్ణి కాదు. కోపంతో ఊగిపోతున్న వందమంది, ఎదుటివాడి నష్టం లెక్కవేసి అందులో తమ వాటా ఎంతో చెప్పటం నేను చెప్పే కథలో ఇమడదు.

*

ఆ సెప్టెంబరులో ఒక రాత్రి ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్రో స్టేషన్ కింద కాలు పెట్టే చోటు లేదు. గంటన్నర ఆగి, ఇక తగ్గదని బయల్దేరాను. మా గల్లీలో మోకాళ్ళ పైదాకా నీళ్ళు. కరెంటు తీసేశారు. అమ్మాయిల హాస్టల్ గేటు దగ్గర ఫోన్ టార్చిలు కనిపించాయి. వార్డెనక్క గొంతు పోయేలా అరుస్తోంది. జిరాక్స్ షాపన్న, మెస్సు నడిపే ఒంగోలు బాబాయి, టిఫిన్ సెంటరామె కొడుకు వరుసగా నిలబడి కింది గదుల్లోని సామాను ఒకరి చేతినుంచి ఒకరు మెట్ల మీదికి అందిస్తున్నారు. ఆ వరుసలో నాకూ మెస్ బాబాయికీ మధ్య కాస్త ఖాళీ ఉంది. ఎవరూ పిలవలేదు. బ్యాగు గోడ మీద పెట్టి ఆ ఖాళీలో నిలబడ్డాను.

సూట్‌కేసులు, పరుపులు, ఇండక్షన్ స్టవ్, స్పైరల్ బైండింగ్ చేసిన మెటీరియల్ కట్టలు. ఒకమ్మాయి మాత్రం తన చేతిలో ఉన్నది ఎవరికీ ఇవ్వలేదు. సర్టిఫికెట్ల ఫైలు రెండు చేతులతో నెత్తి మీద పట్టుకుని, నీళ్ళలో అలాగే నిలబడి ఉంది. నా సర్టిఫికెట్లు అలాంటి ప్లాస్టిక్ ఫైల్లోనే పదేళ్ళు నా మంచం కింద ఉన్నాయి.

మర్నాడు సాయంత్రం షాపుకెళ్ళి నోట్‌బుక్ అడిగాను. రాసేముందు వెనక పేజీలు తిప్పాను. గ్రైండర్ మోటారు కాలింది, రిపేరుకి 4,200. బియ్యం బస్తా, సగం పనికొచ్చింది. పేపర్ బండిళ్ళు పదకొండు. టెన్త్ మెమో తడిసింది, అక్షరాలు కనిపిస్తున్నాయి. పాపకి నాలుగు రోజులు జ్వరం. మధ్యలో ఒక పేజీ హిందీలో ఉంది, ఏటీఎం దగ్గర కాపలా ఉండే అతను రాసింది. ఒక పేజీలో ఉట్టి గీత, దాని పక్కన 'నా నడుము దాకా' అని రాసి కింద వేలిముద్ర. ఆమె చెప్తే షాపన్న రాశాడట. నాలుగేళ్ళ వానలు అందులో ఉన్నాయి.

ఈ అలవాటు ఆయనకి ఎక్కడిదో అప్పుడు చెప్పాడు. కుర్రతనంలో పంజాగుట్టలో ఒక జిరాక్స్ షాపులో పనిచేసేవాడట. జయప్రకాశ్ నారాయణ్ 1996లో మొదలుపెట్టిన లోక్‌సత్తా ఆఫీసు అక్కడే ద్వారకాపురి కాలనీలో ఉండేది. అప్పటికింకా అది పార్టీ కాదు. పెట్రోల్ బంకుల్లో కొలత సరిగ్గా ఉందో లేదో వాలంటీర్లు వెళ్ళి చూసేవాళ్ళు. మునిసిపల్ ఆఫీసులో పని ఆలస్యమైతే రోజుకి 50 రూపాయలు ఆఫీసే ఇవ్వాలన్న నియమం పౌరసేవా పత్రంలోకి వచ్చింది కూడా వాళ్ళ ఒత్తిడి వల్లే. ఈయన వాళ్ళ కరపత్రాలు కాపీలు తీస్తూ తీస్తూ ఒకరోజు కొలత క్యాను పట్టుకుని వాళ్ళ వెంట బంకుకి కూడా వెళ్ళాడట. "లొల్లి చేస్తే లొల్లి చేస్తరు తమ్మీ. కొలిచి, రాసి ముందల వెడితే సప్పుడు చెయ్యరు," అన్నాడు.

నేను రాశాను. 'నాకు నష్టం లేదు. హాస్టల్ కింది గదుల్లో నీళ్ళు నా మోకాలి పైన జానెడు. రాత్రి 10:40.' కింద పేరు, ఫ్లాట్ నంబరు.

*

తర్వాతి ఆదివారం టిఫిన్ సెంటర్ మూసేశాక పదకొండున్నరకి ఇరవైమంది దాకా అక్కడ పోగయ్యాం. షాపన్న నోట్‌బుక్ మొత్తం పైకి చదివాడు. అరగంట పట్టింది. ఎవరూ లేచి వెళ్ళలేదు. తాము రాసింది వచ్చినప్పుడు ప్రతివాళ్ళూ తల దించుకున్నారు, పక్కవాళ్ళది వచ్చినప్పుడు తలెత్తారు. నేను చూసిన అన్ని పుస్తక పరిచయ సభల్లోకీ అంత శ్రద్ధగా విన్నది ఆ సభే.

నీళ్ళు పోకపోవటానికి కారణం అందరికీ తెలుసు. గల్లీ వాననీటి కాలువ పూడిపోయింది. మా బిల్డింగు నుంచి వచ్చిన ఒకాయన తేలిగ్గా తేల్చేశాడు. "ఇద్దర్ని పిలిపిద్దాం. తలా వెయ్యి ఇస్తే దిగి తీసేస్తారు. ఒక్కపూట పని."

రోజూ మా గల్లీ ఊడ్చే అక్క అప్పటిదాకా గుమ్మం దగ్గర నిలబడి వింటోంది. లోపలికొచ్చి కూర్చోమని ఎవరికీ తోచలేదు. అక్కణ్ణుంచే అడిగింది. "ఎవర్ని దింపుతరు సార్?"

ఎవరూ మాట్లాడలేదు. ఎవరు దిగుతారో ఆ గదిలో ఉన్న అందరికీ తెలుసు. ఏ కులంవాళ్ళు దిగుతారో కూడా తెలుసు. మనుషుల్ని అలా దింపటం 2013 చట్టం ప్రకారం నేరం. ఆ చట్టం ఊరికే రాలేదు. కోలార్ బంగారు గనుల దగ్గర, పాకీ పని చేసే తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఐఏఎస్ అధికారిగా పనిచేసిన ఎస్.ఆర్. శంకరన్ లాంటివాళ్ళు కలిసి తొంభైల్లో సఫాయి కర్మచారీ ఆందోళన్ మొదలుపెట్టారు. ఆ పని చేసేవాళ్ళే ఊరూరా పొడి దొడ్లు లెక్కపెట్టారు, ఫొటోలు తీశారు, కూలగొట్టారు, 2003లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతివాళ్ళ కుటుంబానికీ 10 లక్షలివ్వాలని 2014 మార్చిలో తీర్పు వచ్చింది. ఇదంతా నేను చదివి ఉన్నాను. కానీ ఆ ఆదివారం, తలా వెయ్యి అన్న మాట విన్నప్పుడు, నా నోట్లోంచి ఏ అభ్యంతరమూ రాలేదు. ఒక్క క్షణం, వెయ్యి ఎక్కువేం కాదులే అనుకున్నాను కూడా.

పదిమంది కలిసి బాగుచేసుకుందాం అనుకున్నప్పుడు, ఆ పదిమందిలో లేని పదకొండోవాడి మీద బరువు పడటం ఎంత సులువో ఆ రోజు తెలిసింది. అక్క అడగకపోతే ఆ మధ్యాహ్నం అది ఏకగ్రీవ తీర్మానమయ్యేది.

మిషన్ బండి కోసం ఆఫీసుకి వెళ్దామనుకున్నాం. పద్నాలుగు మందిమి వెళ్ళాం. నోట్‌బుక్ టేబుల్ మీద పెట్టాం. అక్కడ కూర్చున్నాయన పేజీలు తిప్పాడు, వేలిముద్ర ఉన్న పేజీ దగ్గర కాసేపు ఆగాడు. వారంలో బండి వచ్చింది. గొట్టం పెట్టి నీళ్ళు కొట్టి పీలిస్తే కాలువ తన కడుపులో ఉన్నదంతా బయటపెట్టింది. థర్మాకోల్ ప్లేట్లు, గడ్డకట్టిన నూనె, పిండి, పాల ప్యాకెట్లు, ఒక హెల్మెట్, వందల కొద్దీ కోర్సుల కరపత్రాలు. నా ఆఫీసు పేరున్న ఐడీ కార్డు తాడు కూడా ఒకటి. నాది కాదు. నాది కాదని చెప్పటానికి నాకు గట్టి ఆధారం ఏమీ లేదు.

*

కాలువ శుభ్రమయ్యాక అసలు గొడవ మొదలైంది. మళ్ళీ పూడకుండా ఉండాలంటే వంటింటి నీళ్ళు బయటికొచ్చే ప్రతిచోటా ఇనప జాలీ పెట్టాలి. అందరి వేళ్ళూ మెస్సు వైపు తిరిగాయి. మెస్ బాబాయి ఒప్పుకోలేదు.

"జాలీ పెడితే పూటకి నాలుగుసార్లు తియ్యాలయ్యా. నా దగ్గరున్నదే ఇద్దరు పిల్లకాయలు. నెలకి ప్లేటు మీద మిగిలేదెంతో మీకు తెలుసా? మూసేసుకోమంటారా చెప్పండి, మూసేసుకుంటా."

"మూసేసుకో," అని ఎవరో వెనకనుంచి అరిచారు కూడా. అప్పుడు టిఫిన్ సెంటరామె, "ఆయన నూనె పోస్తే నేను పిండి కడిగిన నీళ్ళు పోస్తన్నా. ముందు నాది మూయించండి," అంది. నవ్వు రాలేదెవరికీ.

నాకు రూపాయి గుర్తొచ్చింది. ఆ గల్లీలో నేను నోరు తెరిచింది అదే మొదటిసారి. జాలీ ఖర్చు, తీసే పని రెండూ ఆయన ఒక్కడివే ఎందుకవ్వాలి, మెస్సులో తినేది మన హాస్టళ్ళ పిల్లలే కదా, తలా కొంచెం పంచుకుందాం అన్నాను. కల్లుబండి కథ చెప్పలేదు. చివరికి తేలింది ఇదీ. ఇంటికి వంద వేసుకుని ఆరు జాలీలు, రబ్బరు గ్లౌజులు, ఒక పెద్ద డబ్బా కొనాలి. రోజూ రాత్రి జాలీల్లో చెత్త తీసి డబ్బాలో వెయ్యటానికి వారానికో బిల్డింగు వంతు. ఊడ్చే అక్క మీద ఆ పని పడకూడదు. ఓనరయినా, అద్దెకున్నవాళ్ళయినా, హాస్టలయినా సమానం.

మొదటి నెల బాగా జరిగింది. అమ్మాయిల హాస్టల్ వంతు వచ్చినప్పుడు వాళ్ళు ముక్కులకి చున్నీలు కట్టుకుని రీల్ కూడా చేశారు. రెండో నెలలో మా బిల్డింగులో ఒకాయన, "నాకు నైట్ షిఫ్టు, వంతుకి బదులు రెండొందలిస్తా, ఎవరైనా చేసెయ్యండి," అన్నాడు. సబబుగానే అనిపించింది. మెస్సులో పనిచేసే కుర్రాడికి ఆ డబ్బులిచ్చి చేయించారు. మూడో నెలకి సగం బిల్డింగులు డబ్బులిస్తున్నాయి. నేనూ ఇచ్చాను. రిలీజ్ ఉంది, కాల్స్ ఉన్నాయి. రెండు వంతులకి ఫోన్‌పే చేశాను. చెయ్యగానే చాలా తేలిగ్గా అనిపించింది.

*

మా అమ్మమ్మకి ఎనభై దాటాయి. ఒక ఆదివారం ఫోన్లో ఈ జాలీల సంగతంతా చెప్పాను, దూబగుంట పాఠంలో రూపాయి గురించి కూడా అడిగాను. మీరూ అలా అన్నారా అని.

"మేం రూపాయి గాదబ్బయా, బియ్యం అన్నాం," అంది.

ఈ సంగతి ఆమె అంతకుముందు ఎప్పుడూ చెప్పలేదు. వాళ్ళ ఊళ్ళో సారా కొట్టు నడిపేవాడి పెళ్ళాం కూడా వీళ్ళతోపాటు రాత్రిబడికి వచ్చేదట. పక్కపక్కనే కూర్చుని అ ఆలు దిద్దేవాళ్ళట. కొట్టు మీదికి వెళ్ళిన రోజు ఆమె గుమ్మంలో నిలబడి, మేమేం తినాలక్కా అని అడిగిందట. ఇంటికో మానెడు బియ్యం ఇస్తాం, వేరే పని దొరికే దాకా, అని అందరూ మాటిచ్చారు.

"ఇచ్చారా?"

"రెండు నెల్లు ఇచ్చాం. ఆ తర్వాత ఎవురూ ఇయ్యలా. నేనూ ఇయ్యలా. అందురూ ఇస్తా ఉంటార్లే అనుకున్నా. ఆమె పిలకాయల్ని తీసుకోని నెల్లూరికి పొయ్యి ఇళ్ళల్లో పన్జేసుకున్నింది."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత తనే అంది. "కొట్టు మూయించినామని పేపర్లో ఏశారు. మీ తాత నాలుగేళ్ళు తాగలా, ఆనక బ్రాందీ మొదులుపెట్టినాడు. అదంతా పోనీ. ఆమె బడిలో నా పలక పట్టుకోని దిద్దించేది. నా సంతకం ఆమె నేర్పిందే."

మీరంతా ఎంత ధైర్యంగా వెళ్ళారు అని చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగాను. ప్రతిసారీ ఒకటే చెప్పేది. పక్కింటామె పోతా ఉంటే తను పోకపోతే బాగుండదని పోయిందట, పక్కింటామెని అడిగితే నిన్ను చూసే పొయ్యా అన్నదట. నేను దాన్ని వినయం అనుకునేవాణ్ణి. అది వినయం కాదు, ఉన్నదున్నట్టు చెప్పిన సంగతి. ఎదురుగా మనిషి నిలబడి ఉంటేనే రెండోమనిషి నిలబడతాడు. దూబగుంట ఆడవాళ్ళు రూపాయి ఇస్తామన్నది బండికి అడ్డంగా నిలబడి. నేను పంపింది నిలబడకుండా ఉండటానికి. రెండు నెలల తర్వాత బియ్యం ఎందుకాగిపోయాయో నాకు వేరే చెప్పక్కర్లేదు.

*

ఇదంతా విజయగాథేం కాదు. నిరుడు వానాకాలంలో కూడా మా గల్లీలోకి నీళ్ళొచ్చాయి. పైనుంచి అంత నీరు దిగుతుంటే ఆరు జాలీలు ఏం ఆపుతాయి? కాకపోతే ఇదివరకు తెల్లారేదాకా నిలబడే నీళ్ళు గంటలో లాగేశాయి. షాపన్న అదీ రాసిపెట్టాడు. ఆ రాత్రి నోట్‌బుక్‌లో పడ్డ నష్టాలు మూడే. ఓనరంకుల్ గల్లీ గొడవల గురించి మళ్ళీ ఎత్తలేదు, అద్దె మాత్రం పెంచాడు. ఫైలు నెత్తిన పెట్టుకున్న అమ్మాయికి ఉద్యోగం వచ్చింది, పుణె వెళ్ళిపోయింది. ఆ గదిలో ఇప్పుడెవరుంటున్నారో వార్డెనక్కని అడిగి తెలుసుకున్నాను. కర్నూలు నుంచి వచ్చిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు.

మెస్సు కుర్రాడు పోయిన నెల పని మానేశాడు. డబ్బులిచ్చినా జాలీ తీసేవాళ్ళు దొరకలేదు. నాలుగు రోజులకి మెస్సు వెనక నీళ్ళు నిలబడటం మొదలైంది. వంతు మాదే. మా బిల్డింగు నుంచి ఎవరెవరు వస్తారని ఓనర్ల గ్రూపులో అడగటానికి నేను అందులో లేను. రాత్రి కాల్ అయ్యాక పదిన్నరకి కిందికి దిగాను. షాపన్న షట్టర్ సగం దించి గ్లౌజులు తెచ్చిచ్చాడు. టార్చి తనే పట్టుకున్నాడు.

జాలీ అంత బరువుంటుందని నాకు తెలియదు. అన్నం, కరివేపాకు, పులుసులో నానిన ఒక కరపత్రం. వాసన మర్నాటికి కూడా చేతులకి పోలేదు. మూడో జాలీ దగ్గరున్నప్పుడు పైనుంచి మెట్ల లైటు వెలిగింది. నైట్ షిఫ్టాయన ఆఫీసుకి బయల్దేరుతూ కిందికొచ్చాడు. నన్ను చూసి ఆగాడు. క్యాబ్ వచ్చేసిందని ఫోన్ చూపించాడు. మళ్ళీ ఒక నిమిషం నిలబడి, బ్యాగు భుజం మీదే ఉంచుకుని, ప్యాంటు మడిచి, డబ్బా మూత తీసి పట్టుకున్నాడు.